ఏడు ఉండాల్సిన చోట ఒకటి

ఒక్క మాటను గొంతులో పెట్టుకుని పన్నెండేళ్ళకు పైగా తిరిగాను. అన్నం తిన్నాను, బస్సులెక్కాను, పెళ్ళిళ్ళకు పోయి అక్షింతలు వేసి వచ్చాను. ఆ మాట మాత్రం మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. నా మీద నాకే విసుగు పుట్టేసింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. మొదటి నుంచి మొత్తం చెప్పుకోవాలంటే అలాంటి మనిషే కావాలి. మధ్యలో అడ్డం వచ్చి "పోనీలే, వయసు అలాంటిది" అనకండి. ఆ ముక్క నేను నాకు చాలాసార్లు చెప్పుకున్నాను. ఏమీ ఉపయోగం లేదు.

ఎమ్మిగనూరులో ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో పని చేస్తాను. ఉండేది ఆదోనిలో, రోజూ బస్సులో పోయి వస్తాను. మిల్లుకు పత్తి లారీలు, ట్రాక్టర్లు వస్తాయి. బండి నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, అన్నీ అంకెలే. కీబోర్డులో అక్షరాల వైపు నాకు పెద్దగా పని ఉండదు. కుడిచేతి పక్కన విడిగా ఒక గడి ఉంటుంది చూడండి, కాలిక్యులేటర్ తెచ్చి అతికించినట్టు. నంబర్ ప్యాడ్ అంటారు. నా బతుకంతా ఆ గడిలోనే.

దాని పై వరుసలో ఏడు, ఎనిమిది, తొమ్మిది ఉంటాయి. నడుమ నాలుగు, ఐదు, ఆరు. కింద ఒకటి, రెండు, మూడు. అడుగున వెడల్పాటి సున్నా. ఇప్పుడు మీ ఫోను తీసి చూడండి. పైన ఒకటి, రెండు, మూడు. కింద ఏడు, ఎనిమిది, తొమ్మిది. తలకిందులు! ఏటీఎం కూడా ఫోను లాగే. కాలిక్యులేటరేమో కంప్యూటర్ లాగా. ఎవరికి పుట్టింది ఈ బుద్ధి? అన్నీ ఒకే రకంగా చేసి ఏడిస్తే వీళ్ళ సొమ్మేం పోయేది? ఇంత పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ఒకచోట కూర్చుని, "ఒకటి పైన పెడదామా, కింద పెడదామా" అని తేల్చుకోలేకపోయారా? వాళ్ళు తేల్చుకుని ఉంటే నేనీరోజు మీతో ఈ గోడు వెళ్ళబోసుకునే పని ఉండేది కాదు.

చూశారా, అప్పుడే తప్పును ఎవరి మీదకో తోసేస్తున్నాను. ఇదీ నా గుణం.

డిగ్రీ అయ్యాక ఆదోనిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. అక్కడ పరిచయమైంది ఉరుకుందమ్మ. కౌతాళం పిల్ల. నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్న. వాళ్ళది కొద్దిపాటి పత్తి చేను. ఇంట్లో కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుకునేవాళ్ళు, అందుకే ఆ పిల్ల మాటల్లో మధ్య మధ్య కన్నడం దొర్లేది. నన్ను 'అక్కా' అని నోరారా పిలిచేది. నా పక్క కంప్యూటర్ ఆమెది.

ఉరుకుందమ్మ చేతులు చూడాలి మీరు. పత్తి ఏరేవాళ్ళు కాయ వైపు చూడరు. కళ్ళు ముందున్న చెట్టు మీద ఉంటే చేతులు ఈ చెట్టును ఏరేస్తుంటాయి, రెండూ ఒకేసారి. చిన్నప్పటి నుంచి ఆ పని చేసిన చేతులవి. టైపింగ్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే అక్షరాల వైపు చూడడం మానేసింది. నేను నెలలు గడిచినా వంగి వంగి వెతుక్కుంటూనే ఉన్నాను. ఒకరోజు మాకు నేర్పే సారు ఆమె వెనక నిలబడి చూసి, అందరికీ వినబడేలా అన్నాడు, "ఈ పిల్ల చేతికి కండ్లుండాయి రా" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ రోజుల్లోనే మిల్లు వాళ్ళు సారుకు కబురు పెట్టారు, బండ్లు తూచే వేబ్రిడ్జి ఆఫీసులో అంకెలు కొట్టడానికి మనిషి కావాలని. ఒక్కరే కావాలి. కీల వైపు చూడకుండా కొట్టాలి, ఎందుకంటే అక్కడ కళ్ళు కాటా మీదే ఉండాలి. సెంటర్‌లో పరీక్ష పెడతామన్నారు. అప్పటిదాకా మా బ్యాచ్‌కు అక్షరాలే నేర్పారు. నంబర్ ప్యాడ్ వైపు ఎవరం పోలేదు, అది అకౌంట్స్ వాళ్ళదని వదిలేశాం. పరీక్షకు ముందు సారు నేర్పుతానన్నాడు. సరిగ్గా అప్పుడే పత్తి పగిలింది. కూలీలు దొరకడం లేదు, ఇంటికి వచ్చేయమని ఉరుకుందమ్మ వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. ఇక పరీక్ష రోజుకే రావాలి.

ఆ పిల్ల ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చింది. ఇంటి దగ్గర ప్రాక్టీసు చేసుకోవడానికి అంకెల గడి ఒకటి గీసివ్వమంది. ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. కంప్యూటర్లన్నిటికీ గుడ్డ కవర్లు కప్పి, గది తాళం వేసి సారు భోజనానికి వెళ్ళాడు. కౌతాళం బస్సుకు టైమవుతోంది. నేను చెప్పుల డబ్బా మూత ఒకటి తీసుకుని, నా బటన్ల ఫోను చూసి గీసేశాను. అంకెలు అంకెలే కదా, ఎక్కడైనా ఒకటే కదా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కీబోర్డులో ఐదు మీద చిన్న గీత పొడుచుకుని ఉంటుంది, వేలికి తెలియడానికి. అది నాకు గుర్తుంది కాబట్టి, పక్కింట్లో అడిగి ఒక జొన్నగింజ తెచ్చి ఐదు మీద బంకతో అతికించాను. ఎంత శ్రద్ధ! ఆ శ్రద్ధ తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. ఉరుకుందమ్మ ఆ గింజను వేలితో తడిమి, అట్టను పుస్తకాల మధ్య పెట్టుకుని బస్సెక్కింది.

ఇంతవరకు జరిగింది పొరపాటు. దీనికి నన్ను ఎవరూ ఏమీ అనలేరు.

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని కుడివైపు చూశాను. ఒకటి ఉండాల్సిన చోట ఏడు ఉంది. అంటే, నేను గీసిన అట్టలో ఏడు ఉండాల్సిన చోట ఒకటి ఉంది. నాలుక కరుచుకున్నాను. వెంటనే ఫోన్ చేసి చెప్పేయాలి, అనుకున్నాను. వాళ్ళ నాన్న నంబరు నా దగ్గర ఉంది. ఫోను చేతిలోనే ఉంది. అప్పుడే సారు నా వెనక్కి వచ్చి, "నీకన్నా ఆ పిల్లే నయం, నీయి ఏళ్ళా ఇనుప కమ్మీలా?" అన్నాడు. ఫోను సంచిలో పెట్టేశాను. సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను. సాయంత్రం చేయలేదు. పరీక్షకు ముందు ఒక రోజు వస్తుందిలే, అప్పుడు చూసుకుంటుందిలే అనుకున్నాను. రాదని నాకు తెలుసు.

ఆ ఉద్యోగం నాకెందుకు కావాలో చెప్తే మీకు జాలి కలుగుతుందేమో, ఆ జాలి నాకొద్దు. మాది బడిపంతుళ్ళ ఇల్లు. తాతా పంతులే, నాన్నా పంతులే, అన్నా పంతులే. నాకు బీఈడీ సీటు రాలేదు. ఇంటికి ఎవరు వచ్చినా నాన్న నన్ను చూపించి, "ఇది ఇంట్లోనే ఉంటుందండీ" అనేవాడు. తిట్టేవాడు కాదు, అంతే అనేవాడు. ఆ మాట ఇంకోసారి వినకూడదని ఉండేది. పూట గడవక కాదు, ఎవరో చావుబతుకుల్లో ఉండి కాదు. ఉత్త రోషం. ఉరుకుందమ్మకేమో ఆ ఉద్యోగం వస్తే చేను పని తప్పుతుంది, తనకంటూ ఒక బతుకు ఏర్పడుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని కూడా నేను నోరు మూసుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

పరీక్ష దగ్గర పడుతుండగా ఆమే ఫోన్ చేసింది, వాళ్ళ నాన్న ఫోను నుంచి.

"అక్కా, నేను ఉరుకుందును. అంకెలన్నీ వచ్చేసినాయక్కా! పొద్దంతా పత్తి ఏరేది, సందకాడ అట్ట ముందర పెట్టుకోని కొట్టేది. కండ్లు మూసుకోని కొడతాండాను. అట్ట మీద ఏం కొడతావే అని మా నాయిన ఒగటే నగు."

"అట్లనా," అన్నాను.

"నువ్వు గీసినట్లే కొడతాండానక్కా. ఇంగేమన్నా మార్సుకోవల్లంటే ఇప్పుడే సెప్పు. ఇంగా టైముండాది."

ఇంకా టైముండాది. ఆ పిల్ల దారి చూపించి, తలుపు తీసి పట్టుకుని నిలబడింది. నేను చేయాల్సిందల్లా "తలకిందులుగా గీశాను" అనడమే.

"ఏం లేదు మే. అట్లే కొట్టు," అన్నాను.

అట్లే కొట్టు. ఈ రెండు మాటలూ నావే, ఎవరూ నా చేత అనిపించలేదు. పొరపాటు తప్పుగా మారింది అక్కడే. అబద్ధం ఆడేటప్పుడు గొంతు వణుకుతుందంటారు. నా గొంతు వణకలేదు. పైగా కాస్త పెద్దరికం కూడా ఒలకబోశాను. "బాగా ప్రాక్టీసు చెయ్యి" అన్నాను. ఎంత బాగా చేస్తే అంత బాగా తప్పులు పడతాయని తెలిసీ అన్నాను. మీకిప్పుడు నా మీద కోపం వస్తుంటే రానివ్వండి, నాకూ వస్తోంది.

పరీక్ష రోజు మిల్లు మేనేజరు వచ్చాడు. కాగితం మీద అంకెలు ఉంటాయి, చూసి కొట్టాలి. సారు పద్ధతి ఒకటుండేది. మానిటర్‌ను తన వైపు తిప్పుకుని, భుజం మీది తువాలు తీసి కీబోర్డు మీదా మన చేతుల మీదా కప్పేసేవాడు. చేతికి కళ్ళున్నాయో లేదో అప్పుడు తెలుస్తుందనేవాడు. ముందు నన్ను పిలిచాడు. తడబడుతూ, తడుముకుంటూ, అక్కడక్కడా తప్పులతో ఎలాగో ముగించాను. తరువాత ఉరుకుందమ్మ. తువాలు కింద చెయ్యి పెట్టే ముందు నా వైపు చూసి నవ్వింది. ఐదు మీది గీత వేలికి తగలగానే ఆమె మొహం వెలిగింది, అట్ట మీది జొన్నగింజ దొరికినట్టే. ఇక కొట్టడం మొదలుపెట్టింది. పేలాలు వేగినట్టు చిటపట ఒకటే చప్పుడు. ఇచ్చిన టైము ఇంకా మిగిలుండగానే ముగించింది.

సారు మానిటర్‌ను మేనేజరు వైపు తిప్పాడు. మేనేజరు చూశాడు. "సగం కరెక్టు, సగం తప్పు. గాభరా పడినట్లుంది," అన్నాడు. నాలుగు, ఐదు, ఆరు, సున్నా రెండు గడుల్లోనూ ఒకే చోట ఉంటాయి కదా. అవన్నీ కరెక్టుగానే పడ్డాయి. అన్నీ తప్పులే పడి ఉంటే సారుకు అనుమానం వచ్చేది, ఏదో తిరగబడిందని పట్టేసేవాడు. సగం ఒప్పు కావడం వల్ల పాపం ఆ పిల్లదే తప్పని తేలిపోయింది. "చేతికి కండ్లుండాయి అనుకొంటి," అని సారు తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఆమె కొట్టిందాన్ని నేను చూశాను. ఒకటి ఉన్న చోటల్లా ఏడు. రెండు ఉన్న చోటల్లా ఎనిమిది. తొమ్మిదికి మూడు. చివరి వరుస దాకా ఒక్కటి కూడా తప్పలేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

బయట బెంచీ మీద ఉరుకుందమ్మ తన వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంటోంది. "నా ఏళ్ళదే తప్పు లేక్కా. నువ్వు బాగనే నేర్పినావు," అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది తలుచుకుంటే.

ఉద్యోగం నాకొచ్చింది. నాన్న వీధిలో అందరికీ చెప్పాడు. అప్పటి నుంచి మొదలైంది నా అవస్థ. రోజంతా ఆ గడి మీద చెయ్యి. ఇంటికి ఫోన్ చేయాలంటే తలకిందులు, ఏటీఎంలో పిన్ కొట్టాలంటే తలకిందులు. మెషిను కార్డు మింగేసినప్పుడల్లా "మంచి పనైంది" అనుకునేదాన్ని. నమ్ లాక్ దీపం ఆరిపోతే అంకెలు పడవు, కర్సర్ ఇష్టమొచ్చినట్టు పరిగెడుతుంది. దాని మీద కూడా అరిచేదాన్ని. ఒకసారి మా మిల్లు సేటు కొత్త లాప్‌టాప్ తెచ్చాడు. చూస్తే దానికి ఆ గడి లేదు! పై వరుసలోనే అంకెలు. ఇక పీడ వదిలిందని ఎంత సంబరపడ్డానో. వారం తిరక్కుండా సేటు వైరుతో తగిలించే నంబర్ ప్యాడ్ ఒకటి విడిగా కొనుక్కొచ్చాడు. "ఇది లేకుంటే నీకు చెయ్యాడదు కదమ్మా," అని నా ముందు పెట్టాడు. అంత మంచి మనిషిని మనసులో ఎంత తిట్టుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఉరుకుందమ్మ దూరంగా పోయి ఉంటే మరిచిపోయేదాన్నేమో. పోలేదు. ఆదోనికే కోడలై వచ్చింది. బస్టాండు దగ్గర చిన్న బంకు పెట్టుకుంది. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆధార్ నంబరు చెప్పి, వేలిముద్ర వేసి డబ్బు తీసుకుంటారే, ఆ పని. చేతిలో పట్టే మిషను. దాని మీద అంకెలు ఫోనులాగే ఉంటాయి, ఒకటి పైన. వచ్చినవాళ్ళు నంబరు చెబుతుంటే ఆమె మిషను వైపు చూడనే చూడదు. వాళ్ళతో పంటల గురించి, వానల గురించి మాట్లాడుతూనే కొట్టేస్తుంది. ఎవరైనా ఆశ్చర్యపోతే, బస్సు కోసం నిలబడ్డ నన్ను చూపించి, "ఈయక్కే నేర్పింది నాకు," అంటుంది. గర్వంగా అంటుంది! రోజూ పొద్దున్నే ఆ మాట విని బస్సెక్కాలి నేను. తిట్టినా ఇంతకంటే నయం.

బంకుకు కంప్యూటర్ పెట్టుకోమని ఎందరో చెప్పారు. పెట్టుకోలేదు. అది తన చేతికి రాదట. ఇప్పుడేమో అందరూ ఫోన్లలోనే డబ్బు పంపుకుంటున్నారు, బంకు నడవడం కష్టంగా ఉంది. మొన్న సీజనుకు ముందు సేటు ఇంకో మనిషి కావాలన్నాడు. నాకు ఆశ పుట్టింది. ఒప్పుకోకుండానే సరిదిద్దుకోవచ్చని. ఉద్యోగం ఇప్పిస్తే లెక్క సరిపోతుందని. ఎంత తెలివో చూడండి! పోయి అడిగాను. ఉరుకుందమ్మ నవ్వేసింది. "వద్దులేక్కా. కంప్యూటర్ అంకెలకు నా చెయ్యి పనికి రాదు. ఆ పొద్దే తేలిపాయె గదా," అంది. నేనేమన్నానో తెలుసా? "ప్రాక్టీసు చేస్తే వస్తుంది మే," అన్నాను. మళ్ళీ అదే మాట. అన్న తరువాత నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. నా తప్పు వల్ల ఆమెకు పోయింది ఒక ఉద్యోగమే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. కాదు. ఆమెకు తన చేతుల మీద నమ్మకం పోయింది. అది సేటు ఇచ్చేది కాదు.

మరుసటి రోజు పొద్దున బంకు దగ్గరికి పోయాను. ఒక ముసలాయన బొటనవేలు చాపి నిలబడి నంబరు చెబుతున్నాడు. ఆమె నా వైపు చూస్తూ కొడుతోంది. ముసలాయన పోయేదాకా ఆగితే మళ్ళీ చెప్పనని తెలుసు. అతను ఉండగానే చెప్పేశాను. అట్ట తలకిందులుగా గీశానని. మరుసటి రోజే తెలుసుకున్నానని. తెలిసే చెప్పలేదని. ఆ రోజు నువ్వు కొట్టిన దాంట్లో ఒక్క తప్పు కూడా లేదని.

ఆమె చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి ఆ వేళ్ళు బల్ల మీద మెల్లగా కదిలాయి, పైకీ కిందికీ, ఒక్కో అంకె చోటు వెతుక్కుంటున్నట్టు. లెక్క సరిచూసుకుంటోందని అర్థమైంది.

"ఫోన్ చేస్తిని గదక్కా నేను," అంది.

"చేసినావు," అన్నాను.

"ఐతే నా చెయ్యి బాగనే ఉండె."

"బాగనే ఉండె."

ఇంకేమీ అడగలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో బస్సులో వస్తూ పోతూ ఏళ్ళ తరబడి కూడబలుక్కున్నాను. ఆమె అడగలేదు. సేటు దగ్గర ఉద్యోగం ఇంకా ఉందన్నాను. "అమ్మా, అయ్యిందా, నా బస్సు పోతాది," అని ముసలాయన విసుక్కున్నాడు.

నన్ను క్షమించిందని అబద్ధం చెప్పను. క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు, ఏ మొహం పెట్టుకుని అడగను? అయినా సిగ్గు విడిచి చెప్తున్నాను, మాట బయటపడ్డ ఆ క్షణంలో నాకు హాయిగా ఊపిరి ఆడింది. ఆమె మొహం అలా మాడిపోయి ఉండగా నా గుండె తేలికపడింది. ఆ తేలిక మీద కూడా నాకు చిరాకే. కానీ ఉంది. మీకు రాస్తున్న ఈ రాతంతా కీబోర్డులో అక్షరాల వైపే కొట్టాను, అంకెల కోసం కూడా కుడివైపుకు చెయ్యి పోనివ్వలేదు.

బస్సెక్కబోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. "పెద్దాయనా, నంబరు ఇంగోతూరి సెప్పు," అంటోంది ఉరుకుందమ్మ. అతను చెబుతున్నాడు. ఆమె మిషను మీదికి వంగి, ఒక్కో అంకెనూ కళ్ళతో వెతుక్కుని, చూసి చూసి కొడుతోంది.